కంప్యూటరు లోపలి దుబాసీలు

పిల్లలూ, ‘దుబాసీ’ అనే మాట మీరు విని ఉండకపోవచ్చు. సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు తాతగారినో నాయనమ్మగారినో అడిగి చూడండి, చెప్తారు. ‘ద్విభాషి’ అన్న సంస్కృత పదం జనం నోళ్లలో నలిగి దుబాసీ అయింది. రెండు భాషలు వచ్చి, ఒకరి మాట ఇంకొకరికి చేరవేసే మనిషి అని అర్థం. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో మద్రాసులో తెల్లదొరలకూ మన వర్తకులకూ మధ్య దుబాసీ నిలబడితేనే బేరం తెగేది. ‘కాశీయాత్ర చరిత్ర’ రాసిన ఏనుగుల వీరాస్వామయ్యగారి ఉద్యోగం కూడా ఇలాంటిదే. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830లో పరివారంతో బయల్దేరి కాశీకి వెళ్లి వచ్చి, దారిలో చూసిన ఊళ్లన్నిటి గురించీ రాశారు.

మన తరగతుల్లో దుబాసీలకు కొదవ లేదు. ఒక బెంచీ మీద బెంగాలీ, వెనక బెంచీ మీద తమిళం, కిటికీ పక్కన మలయాళం, మధ్యలో మీరు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెలుగు. అయినా బడిలో అడుగుపెట్టగానే హిందీలోకి మారిపోతారు. కొత్తగా బదిలీ మీద వచ్చిన పిల్లవాడికి హిందీ రాకపోతే పక్కవాడు చెవిలో తెలుగులో చెప్తాడు. ఆ పక్కవాడే దుబాసీ. వాడు సెలవు పెట్టిన రోజున కొత్తవాడి అవస్థ చూడాలి!

ఈ పాఠం మాత్రం కంప్యూటరు గురించి. దుబాసీతో ఎందుకు మొదలుపెట్టానో ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఒక ప్రశ్న

ఈ మధ్య తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు వచ్చి, “మేడమ్, మా ఇంట్లో పీసీలో లినక్స్ వేస్తే గేములు ఆడుకోవచ్చా?” అని అడిగాడు. కంప్యూటరు సార్‌ను అడక్కుండా తెలుగు టీచరును అడుగుతున్నావేంట్రా అంటే, “మీ ల్యాప్‌టాప్‌లో ఉన్నది లినక్సే కదా మేడమ్, చూశాను” అన్నాడు. పిల్లల కళ్లు ఎక్కడెక్కడ తిరుగుతాయో!

వాడి కష్టం వాడొక్కడిదే కాదు. వాళ్ల నాన్నగారు రెండు పోస్టింగుల కిందట కొన్న డెస్క్‌టాప్ అది. అందులో విండోస్ 10 ఉంది. దానికి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. విండోస్ 11 వేద్దామంటే, ఫలానా ప్రాసెసరు, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉంటేనే ఎక్కుతానంటుంది. మరమ్మతు లేకుండా నిక్షేపంలా నడుస్తున్న పీసీ, ఒక తేదీ దాటగానే ముసలిదైపోయింది. ఇక్కడ కొత్తది కొనాలంటే భాగాలు మెయిన్‌ల్యాండ్ నుంచి రావాలి. కొన్నాక మళ్లీ బదిలీ వస్తే దాన్ని పెట్టెలో సర్ది ఓడ ఎక్కించాలి. “వచ్చే పోస్టింగులో చూద్దాంలే” అన్నారట నాన్నగారు. ఆ మాట మీ అందరికీ తెలిసిందే.

డ్రైవరు అంటే ఎవరు?

కంప్యూటరు లోపల ఉన్న ఒక్కో భాగానిదీ ఒక్కో భాష. వైఫై చిప్పు భాష వేరు, గ్రాఫిక్స్ కార్డు భాష వేరు, స్పీకర్లకు సంగీతం అందించే చిప్పు భాష వేరు. ఒకే కంపెనీ చేసిన రెండు మోడళ్ల భాషలు కూడా ఒకటి కాకపోవచ్చు. వీటన్నిటితో పని చేయించాల్సిన పెద్దను ‘కెర్నల్’ అంటారు. కెర్నల్ అంటే గింజలో పప్పు అని అర్థం. ఆపరేటింగ్ సిస్టమ్‌లో నడిబొడ్డున ఉండే భాగం కాబట్టి ఆ పేరు. కెర్నల్ మాటను ఆ చిప్పు భాషలోకి, చిప్పు జవాబును కెర్నల్ భాషలోకి మార్చి చెప్పే చిన్న ప్రోగ్రామే డ్రైవరు. మన దుబాసీ ఇతడే. దుబాసీ ఉంటే వైఫై పలుకుతుంది. లేకపోతే చిప్పు బల్ల మీదే ఉంటుంది, కరెంటు తాగుతూనే ఉంటుంది, కానీ లేనట్టే లెక్క.

విండోస్‌లో చాలావరకు ఆ భాగాన్ని తయారుచేసిన కంపెనీయే డ్రైవరు రాసి ఇస్తుంది. లినక్స్‌లో చాలా డ్రైవర్లు కెర్నల్‌తోపాటే, దాని మూటలోనే వస్తాయి. వాటిని కంపెనీల ఉద్యోగులూ రాస్తారు, విడిగా ఇంజనీర్లూ రాస్తారు, విద్యార్థులూ రాస్తారు. రాసిన ప్రతి వాక్యమూ ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వవచ్చు. ఓపెన్ సోర్స్ అంటే అదే.

ఈ మూట మొదట్లో ఎంత చిన్నదో తెలుసా? 1991 ఆగస్టు 25న హెల్సింకీ యూనివర్సిటీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఒక చిన్న ప్రకటన పెట్టాడు. సరదాకి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నాననీ, తన దగ్గర ఉన్న రకం హార్డ్‌డిస్కు తప్ప ఇంకో రకం అందులో ఎప్పటికీ పనిచేయకపోవచ్చనీ దాని సారాంశం. వేరే రకం డిస్కు ఉన్నవాళ్లు దానికి డ్రైవరు వాళ్లే రాసి పంపారు. ప్రింటరు ఉన్నవాళ్లు ప్రింటరుకు రాశారు. అలా ఎవరి అవసరం వాళ్లది కలుస్తూ పోతే, 2017 నవంబరు నాటికి ప్రపంచంలోని అతి వేగవంతమైన 500 సూపర్‌కంప్యూటర్లూ లినక్స్ మీదే నడుస్తున్నాయి. మీ నాన్నగారి ఆండ్రాయిడ్ ఫోన్లోని కెర్నల్ కూడా లినక్సే.

భాష చెప్పనంటే?

మరి ఒక కంపెనీ, “మా చిప్పు భాష మా ఇంటి గుట్టు, ఎవరికీ చెప్పం” అంటే ఏం చేయాలి?

ఈ తగువు లినక్స్ కంటే పాతది. 1980 ప్రాంతంలో అమెరికాలో ఎంఐటీ లాబొరేటరీకి జిరాక్స్ కంపెనీ ఒక లేజర్ ప్రింటరు ఇచ్చింది. అక్కడ రిచర్డ్ స్టాల్మన్ అనే ప్రోగ్రామరు ఉండేవాడు. పాత ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే అందరి తెరల మీదా కబురు కనిపించేలా అతను దాని సాఫ్ట్‌వేరును మార్చుకున్నాడు. ప్రింటరు వేరే అంతస్తులో ఉండేది మరి. కొత్త ప్రింటరుకీ అదే ఏర్పాటు చేద్దామంటే దాని సోర్స్ కోడ్ దొరకలేదు. అది ఉన్న మనిషిని వెతుక్కుంటూ వెళ్లి అడిగితే, ఎవరికీ ఇవ్వనని మాట ఇచ్చాను అన్నాడు. కాగితం ఇరుక్కుంటూనే ఉంది. 1983లో స్టాల్మన్ ‘గ్నూ’ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పథకాన్ని ప్రకటించడం వెనక ఉన్న కారణాల్లో ఈ ప్రింటరు కథ ఒకటి. తర్వాత లినక్స్ కెర్నల్, గ్నూ ప్రోగ్రాములు కలిసే మనం వాడే సిస్టమ్ అయింది.

ప్రింటర్ల పేచీ ఇప్పటికీ తీరలేదు. మన ఆఫీసుల్లో, జిరాక్సు షాపుల్లో కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900 చూడండి. గట్టి యంత్రం, ఏళ్ల తరబడి మొరాయించదు. కానీ అది మాట్లాడేది ‘క్యాప్ట్’ అనే కానన్ సొంత భాష. లినక్స్‌లో దానితో పని చేయించాలంటే ప్రత్యేకంగా డ్రైవరు తెచ్చి పెట్టుకోవాలి, అదీ ఓపిగ్గా. అందరికీ తెలిసిన ప్రామాణిక భాషలు మాట్లాడే ప్రింటర్లయితే తగిలించిన నిమిషంలో పని మొదలుపెడతాయి.

ఆటలు ఆడేవాళ్లకు ముఖ్యం గ్రాఫిక్స్ కార్డు. ఇందులో మూడు కంపెనీలవీ మూడు దారులు. ఇంటెల్ తన డ్రైవర్లను చాలాకాలంగా ఓపెన్ సోర్స్‌గానే రాస్తోంది. ఏఎండీ 2007లో తన కార్డుల భాష వివరాలు బయటపెడతామని చెప్పి, పెట్టింది. ఇవాళ ఏఎండీ కార్డు ఉన్న పీసీలో లినక్స్ వేస్తే సాధారణంగా విడిగా ఏమీ వేయనక్కర్లేదు. ఎన్‌విడియా మాత్రం తన సొంత డ్రైవరు ఇస్తూ వచ్చింది గానీ దాని లోపలిది చూపించలేదు. దాంతో కొందరు ‘నూవో’ అనే డ్రైవరును తయారుచేశారు. ఎలాగంటారా? కార్డుకు ఏ ఆదేశం ఇస్తే ఏం చేస్తోందో గమనిస్తూ, భాష తెలియని ఊళ్లో చేతి సైగలు చూసి మాటలు నేర్చుకున్నట్టు, ఏళ్ల తరబడి పోగుచేసి! 2012లో ఫిన్లాండ్‌లో ఒక సభలో ఎన్‌విడియా ప్రస్తావన రాగానే టోర్వాల్డ్స్ కెమెరా వైపు తిరిగి అన్న మాట బడి పత్రికలో రాయలేను. పదేళ్లకు, 2022 మే నెలలో, ఎన్‌విడియా తన కొత్త కార్డులకు డ్రైవరులోని కెర్నల్ భాగాన్ని ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. పాత కార్డులకు ఆ మేలు అందలేదు.

అంటే, లినక్స్‌లో ఒక భాగం పనిచేస్తుందా లేదా అన్నది ఆ భాగం కొత్తదా పాతదా, ఖరీదైనదా చవకదా అన్నదాని మీద అంతగా ఆధారపడదు. దాని భాషను ఎవరైనా బయటికి చెప్పారా, చెప్పకపోతే ఎవరైనా కష్టపడి నేర్చుకున్నారా అన్నదాని మీద ఆధారపడుతుంది. కొనేముందు ధర ఎంత, ర్యామ్ ఎంత అని అడుగుతాం కదా, దీని దుబాసీ ఎవరు అని కూడా అడగాలి.

బదిలీకి పనికొచ్చే సంగతి

దుబాసీలందరూ ఒకే మూటలో ఉండటం వల్ల మనలాంటివాళ్లకు ఒక లాభం ఉంది. లినక్స్ ఉన్న హార్డ్‌డిస్కునో ఎస్‌ఎస్‌డీనో ఒక పీసీలోంచి తీసి ఇంకో పీసీలో పెడితే చాలావరకు అది లేచి కూర్చుంటుంది. కొత్త బల్ల మీద ఏయే చిప్పులు ఉన్నాయో చూసుకుని, మూటలోంచి తగిన దుబాసీలను పిలుచుకుంటుంది. ఎన్‌విడియా డ్రైవరులాగా విడిగా వేసినవి ఉంటేనే తకరారు.

సామాను ఓడలో పంపాలంటే డెస్క్‌టాప్ క్యాబినెట్టు, మానిటరు ఎంత బరువో, ఎంత భయమో మీ అమ్మగార్లకు తెలుసు. ఇక్కడే ఎవరికైనా పెట్టె అమ్మేసి, అరచేతిలో పట్టే డిస్కు ఒక్కటి జేబులో పెట్టుకుని విమానం ఎక్కి, కొత్త ఊళ్లో ఇంకో పాత పెట్టె కొని అందులో బిగించుకున్న కుటుంబాలు నాకు తెలుసు. ఫొటోలు, హోంవర్కులు, సగంలో ఆపిన ఆటలు అన్నీ ఎక్కడివి అక్కడే ఉంటాయి. స్నేహితులను అలా తీసుకెళ్లడానికి లేదు గానీ.

ఇక ఆటలు

ఆ అబ్బాయికి నేను చెప్పిన జవాబు, “చాలా ఆడుకోవచ్చు నాన్నా, కొన్ని మాత్రం ఎంత తలకిందులైనా ఆడలేవు” అని. రెండింటికీ కారణం చెప్తాను.

లినక్స్ కోసమే రాసిన ఆటలు ఉన్నాయి, ఉచితంగా. సూపర్‌టక్స్‌కార్ట్ అనే కార్ల పందెం, లువాంటి అనే దిమ్మెల ఆట (2024 అక్టోబరు దాకా దీని పేరు మైన్‌టెస్ట్), వెస్నాత్ అనే యుద్ధ వ్యూహాల ఆట, ‘0 ఏ.డి.’ అనే ప్రాచీన రాజ్యాల ఆట. వెస్నాత్‌లో మౌర్యులు ఉండరు గానీ ‘0 ఏ.డి.’లో ఉంటారు. ఏనుగుల దళంతో సహా! చరిత్ర పాఠం చదివాక ఆడితే ఇంకా బాగుంటుంది. చిన్న తరగతుల పిల్లలకు జీకాంప్రి, టక్స్ పెయింట్ ఉన్నాయి. మీ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పెట్టి ఇవ్వండి, మీ జోలికి రారు.

కానీ మీరు అడిగేది వీటి గురించి కాదని నాకు తెలుసు. విండోస్ కోసం రాసిన పెద్ద ఆటల గురించి. విండోస్ కోసం రాసిన ప్రోగ్రాము అడుగడుగునా విండోస్‌నే అడుగుతుంది. ‘ఒక కిటికీ తెరువు’, ‘ఈ ఫైలు చదువు’, ‘ఈ బొమ్మ గీయి’ అని. ఎదురుగా ఉన్నది లినక్స్ అయితే ఆ అడగడం వృథా. ఇక్కడ కూడా ఒక దుబాసీ కావాలి. ఆ ప్రయత్నం 1993లోనే ‘వైన్’ అనే పేరుతో మొదలైంది. వైన్ అంటే ‘వైన్ ఈజ్ నాట్ ఏన్ ఎమ్యులేటర్’ అన్న వాక్యానికి పొడి అక్షరాలు. ఎమ్యులేటరు కంప్యూటరు లోపల ఇంకో కంప్యూటరులా వేషం కడుతుంది. వైన్ వేషం కట్టదు. ఆట అడిగిన మాటను లినక్స్‌కు అర్థమయ్యేలా మార్చి చెప్తుంది, అంతే. వైన్ 1.0 అని ధైర్యంగా అంకె వేసుకోవడానికి వాళ్లకు 2008 దాకా, అంటే 15 ఏళ్లు పట్టింది.

బొమ్మలు గీయించడం అన్నిటికంటే కష్టం. విండోస్ ఆటలు సాధారణంగా ‘డైరెక్ట్‌ఎక్స్’ అనే భాషలో గ్రాఫిక్స్ కార్డును అడుగుతాయి. ‘వల్కన్’ అనే ఇంకో భాష ఉంది, 2016లో వచ్చింది, అన్ని సిస్టమ్‌లలోనూ నడిచేది. జర్మనీకి చెందిన ఫిలిప్ రీబోల్ అనే అతనికి ‘నియర్ ఆటోమాటా’ అనే ఆటను లినక్స్‌లో ఆడాలని కోరిక. ఎవరూ కుదిర్చిపెట్టలేదని తనే డైరెక్ట్‌ఎక్స్ మాటలను వల్కన్‌లోకి మార్చే ‘డీఎక్స్‌వీకే’ అనే ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టాడు. ఆట ఆడాలన్న పట్టుదల ఎంత దూరం తీసుకెళ్తుందో చూడండి. (ఇది చూపించి ఇంట్లో ఎక్కువసేపు ఆడటానికి అనుమతి అడగకండి. అతను ఆడింది తక్కువ, రాసింది ఎక్కువ.)

ఆటలు అమ్మే వాల్వ్ అనే అమెరికా కంపెనీ ఉంది. దాని ‘స్టీమ్’ దుకాణం 2013లోనే లినక్స్‌కు వచ్చింది. అప్పట్లో లినక్స్ కోసం రాసిన ఆటలే దానిలో నడిచేవి, అవి కొద్ది. వాల్వ్ రీబోల్ పనికి డబ్బు సాయం చేసి, వైన్‌ను, డీఎక్స్‌వీకేను కలిపి 2018 ఆగస్టులో ‘ప్రోటాన్’ అనే పేరుతో స్టీమ్‌లోనే పెట్టింది. దాంతో లెక్క మారింది. విండోస్ ఆటను నొక్కితే లినక్స్‌లో తెరుచుకోవడం మొదలైంది. 2022 ఫిబ్రవరిలో వాల్వ్ తెచ్చిన చేతి యంత్రం స్టీమ్ డెక్‌లో ఉన్నదీ లినక్సే. ఒక ఆట కొనేముందు అది లినక్స్‌లో ఎలా నడుస్తోందో ఆడినవాళ్లే నమోదు చేసే ‘ప్రోటాన్‌డీబీ’లో చూసుకోవచ్చు. స్టీమ్ ఖాతాకు 13 ఏళ్లు నిండాలి, డబ్బు కట్టేది పెద్దవాళ్లు కాబట్టి వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి.

జాయ్‌స్టిక్కులు, గేమ్‌ప్యాడ్ల సంగతి కూడా చెప్పాలి. ఎక్స్‌బాక్స్ రకానివి లినక్స్‌కు ఎప్పటినుంచో తెలుసు. ప్లేస్టేషన్ ప్యాడ్లకు సోనీ కంపెనీయే 2021లో డ్రైవరు రాసి కెర్నల్‌కు ఇచ్చింది.

ఇప్పుడు ఆడలేనివి. చాలామంది ఒకేసారి ఆన్‌లైన్లో ఆడే ఆటల్లో మోసాన్ని పట్టుకోవడానికి కాపలా ప్రోగ్రాములు ఉంటాయి, యాంటీ చీట్ అంటారు. వీటిలో కొన్ని విండోస్ కెర్నల్‌లోకే దూరి కూర్చుంటాయి. ‘వాలరెంట్’ ఆటకు కాపలా కాసే ‘వ్యాన్‌గార్డ్’ అలాంటిది. అది లినక్స్‌లో ఉండదు, కాబట్టి వాలరెంట్ ఆడటానికి లేదు. ‘ఫోర్ట్‌నైట్’ కూడా అంతే. ఇంకో రకం కాపలావాళ్లు ఉన్నారు. ఈజీ యాంటీ చీట్ లాంటివి లినక్స్‌లోనూ పనిచేయగలవని 2021లో ప్రకటించారు. అయితే తలుపు తీయాలా వద్దా అన్నది ఆ ఆట కంపెనీ ఇష్టం. ‘ఏపెక్స్ లెజెండ్స్’ తలుపు తీసి, మోసాలు ఎక్కువయ్యాయంటూ 2024 అక్టోబరు చివర్లో మూసేసింది. ఇక్కడ దుబాసీ తెలివికి లోటు లేదు. లోపలికి రానివ్వకపోతే దుబాసీ మాత్రం ఏం చేస్తాడు?

ఇది చిన్న సంగతి కాదని నాకు తెలుసు. విశాఖలోనో కొచ్చిలోనో జోధ్‌పూర్‌లోనో వదిలి వచ్చిన స్నేహితులు రాత్రి ఎనిమిదింటికి వాలరెంట్‌లో కలుస్తారు. మీలో కొందరికి ఆ గంటే పాత ఊరితో మిగిలిన బంధం. అలాంటివాళ్లు లినక్స్ వేసుకునేముందు ఆలోచించండి. నా మాట అడిగితే, కెర్నల్ లోపల కూర్చుని అన్నీ చూసే ప్రోగ్రామును నేనైతే ఇంటి పీసీలోకి రానివ్వను. కానీ పద్నాలుగేళ్ల వయసులో స్నేహితులు ఎంత ముఖ్యమో కూడా మర్చిపోలేదు. ఆ స్నేహితులనే సూపర్‌టక్స్‌కార్ట్‌కు రమ్మనండి. విండోస్‌లోనూ నడుస్తుంది, డబ్బు అడగదు.

సముద్రం కింది తీగ

ఆన్‌లైన్ మాట వచ్చింది కాబట్టి ఈ దీవుల్లోనే ఉన్న ఒక లెక్క చేద్దాం. ఒకప్పుడు ఇక్కడి ఇంటర్నెట్ అంతా ఉపగ్రహం మీదే వచ్చేది. అలాంటి ఉపగ్రహం భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మీరు బటన్ నొక్కిన కబురు పైకి వెళ్లి కిందికి దిగాలి, జవాబు మళ్లీ పైకి వెళ్లి కిందికి రావాలి. మొత్తం 1,44,000 కిలోమీటర్లు. కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి 0.48 సెకను. దాదాపు అర సెకను! మీరు బ్రేకు నొక్కేసరికి ఆటలో కారు లోయలో ఉంటుంది.

చెన్నై నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు, అక్కడి నుంచి స్వరాజ్ ద్వీప్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, గ్రేట్ నికోబార్ వంటి దీవులకు సముద్రం అడుగున సుమారు 2,300 కిలోమీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ వేశారు. 2018 డిసెంబరు 30న శంకుస్థాపన, 2020 ఆగస్టు 10న ప్రారంభం. (ఊరి పేరు 2024లో శ్రీ విజయపురం అయింది గానీ నోటికి ఇంకా పాత పేరే వస్తోంది.) చెన్నై ఇక్కడికి సుమారు 1,400 కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు 2 లక్షల కిలోమీటర్లే పోతుంది. రాను పోను 2,800 కిలోమీటర్లకు 0.014 సెకను. తీగ తిన్నగా ఉండదు, సర్వరు చెన్నైలో కాక ముంబైలోనో సింగపూర్‌లోనో ఉంటుంది, కాబట్టి అసలు అంకె ఇంకా ఎక్కువే వస్తుంది. అయినా 480 ఎక్కడ, 14 ఎక్కడ!

నెట్ నెమ్మదిగా ఉన్న దీవుల్లో ఉండేవాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. లినక్స్‌నూ దానితో వచ్చే ఓపెన్ సోర్స్ ఆటలనూ ఒకరి పెన్‌డ్రైవ్ నుంచి ఇంకొకరు కాపీ చేసుకోవచ్చు. అది దొంగతనం కాదు, లైసెన్సులోనే ఆ హక్కు రాసి ఉంది. ఊరికొకరు డౌన్‌లోడ్ చేస్తే చాలు.

వేసేముందు

లినక్స్ వేయకుండానే దాన్ని చూడవచ్చు. ఉబుంటునో లినక్స్ మింట్‌నో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, పీసీని ఆ పెన్‌డ్రైవ్‌తో మొదలుపెడితే, హార్డ్‌డిస్కును ముట్టుకోకుండానే నడుస్తుంది. అప్పుడు వైఫై తగులుతోందా, పాట వినిపిస్తోందా, ప్రింటరు పలుకుతోందా, మూత వేసి తీస్తే ల్యాప్‌టాప్ మేలుకుంటోందా అన్నీ చూసుకోండి. పాత పీసీ, 4 జీబీ ర్యామ్ అయితే మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం తీసుకోండి. మరీ పాత ఇంటెల్ గ్రాఫిక్స్ ఉంటే వల్కన్ సరిగా నడవదు, పెద్ద ఆటల ఆశ పెట్టుకోవద్దు.

ఒక్క హెచ్చరిక. నాన్నగారి లేదా అమ్మగారి ఆఫీసు ల్యాప్‌టాప్ మీద ఈ ప్రయోగాలు వద్దంటే వద్దు. అది ప్రభుత్వ సొత్తు. పైగా అందులో ఇప్పటికే లినక్స్ ఉన్నా ఆశ్చర్యం లేదు. చెన్నైలోని సీ-డాక్ 2007 నుంచి ‘బాస్’ అనే భారతీయ లినక్స్‌ను ఇస్తోంది. రక్షణ శాఖ కోసం ఉబుంటు ఆధారంగా ‘మాయ’ అనేది తయారుచేసిన సంగతి 2023లో పత్రికల్లో వచ్చింది.

ఇంకొకటి, ఈ దీవుల్లోనే చెప్పాల్సింది. ఇక్కడ హార్డ్‌వేరు పనిచేయకపోతే ముందే డ్రైవరును తిట్టకండి. ఉప్పుగాలి, నెలల తరబడి వాన. ర్యామ్ కాళ్లకు మకిలి పట్టినా పీసీ తెర నల్లగానే ఉంటుంది. ప్లగ్ తీసేసి, పెద్దవాళ్లు దగ్గరుండగా, ర్యామ్ తీసి పసుపు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, రబ్బరు పొట్టు ఊదేసి మళ్లీ పెట్టి చూడండి. సగం ‘సపోర్టు’ సమస్యలు అక్కడే తీరిపోతాయి.

తెలుగు టీచరును కాబట్టి చివరగా తెలుగు మాట. లినక్స్‌లో తెలుగు అక్షరాలు కనిపించడానికీ ఎవరో పూనుకోవాల్సి వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన అనే యూనికోడ్ ఫాంట్లు చేసి అందరూ వాడుకునేలా వదిలారు. డెబియన్ లినక్స్‌లో అవి ఇప్పటికీ దొరుకుతాయి. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థవారు విద్యార్థులతో కలిసి మెనూలను తెలుగు చేశారు. సెట్టింగులలో కీబోర్డు జాబితాలోకి వెళ్లి తెలుగును చేర్చుకుంటే మీ పేరు మీరే కొట్టుకోవచ్చు.

చేసి చూడండి

పెన్‌డ్రైవ్‌తో లినక్స్ తెరిచాక, టెర్మినల్ అనే నల్ల కిటికీలో ఎల్, ఎస్, పి, సి, ఐ అన్న అయిదు చిన్న ఇంగ్లిషు అక్షరాలు ఖాళీ లేకుండా కొట్టండి. తర్వాత ఒక ఖాళీ, ఒక అడ్డగీత, దాన్ని ఆనించి చిన్న కె. ఎంటర్ నొక్కితే మీ పీసీలోని ముఖ్యమైన భాగాల పేర్లు వరుసగా వస్తాయి, చాలావాటి కింద దాని డ్రైవరు పేరు కూడా ఉంటుంది. గ్రాఫిక్స్, వైఫై, శబ్దం ఈ మూడింటికీ ఏ పేరు వచ్చిందో నోటుబుక్కులో రాసుకోండి. వైఫై కింద డ్రైవరు పేరు లేకుండా ఉన్నవాళ్లు ఆ చిప్పు పేరు రాసుకుని సోమవారం విరామంలో నా దగ్గరికి రండి. కంప్యూటరు సార్‌ను కూడా పిలుస్తాను.